దంతపు రేకు మీది సవతి

బర్మాలో, యాంగోన్ పట్నపు పబేడాన్ పేట వీధుల్లో తెలుగు ముక్క వచ్చిన ఎవరినైనా ఆపి భాగ్యవతమ్మ ఇల్లెక్కడని అడిగితే, మెట్లు చూపించేముందు ఆవిడ గురించి రెండు గొప్పలు చెప్పి గానీ వదలరు. వాళ్ళు చెప్పకపోయినా నష్టం లేదు. పైకి వెళితే ఆవిడే చెబుతుంది.

చెప్పుకోవలసిన మనిషే. గంజాం నుంచి వరికోతలకొచ్చి ఇక్కడే నిలిచిపోయినవాళ్ళ మనవరాలు. పడవ దారిలో ఉన్న ఒక తెలుగు పల్లెలో, గుడి మండపంలో జరిగే బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. పద్యం అప్పజెప్పడంలో ఆ బడిలో ఆవిడను మించినవాళ్ళు లేరు. ఎవరైనా పెద్దమనిషి బడి చూడ్డానికొస్తే మాస్టారు ముందుగా ఆవిడనే నిలబెట్టేవారు. పెళ్ళయి పట్నానికొచ్చాక వీధి చివర ఇడ్లీ, పునుగుల బండి పెట్టింది. ఆ బండి దగ్గర బర్మావాళ్ళు, చీనావాళ్ళు, తమిళులు అందరూ నిలబడి తిన్నారు. పెద్ద తుఫాను కొట్టి ఊరంతా చెట్లు కూలి, కరెంటూ నీళ్ళూ లేక జనం అల్లాడుతున్నప్పుడు, తడికట్టెలతో పొయ్యి రాజేసి వీధి మొత్తానికి గంజి కాచి పోసింది కూడా ఈవిడే. అమ్మవారి ఉత్సవానికి పులిహోర కలపడానికి ఇప్పటికీ ఈవిడ చెయ్యే కావాలి. కూతురు సుధను చదివించి, ఊరవతల లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో ఒక వరుస కుట్టుమిషన్ల మీద పెత్తనం చేసేదాన్ని చేసింది.

ఇన్ని సాధించిన మనిషికి ఒకే ఒక్క కొరత. కట్టుకున్న మొగుడు తన ముఖం వంక ఒక్కనాడూ కుదురుగా చూడలేదు.

కన్నయ్య చెడ్డవాడు కాదు. తాగడు, తిట్టడు, తెచ్చింది చేతిలో పెడతాడు. చిక్కంతా ఆయన పనిలో ఉంది. వయసులో ఉండగా ఫోటో స్టూడియోలో రంగులేసేవాడు. నలుపు తెలుపు ఫోటోల మీద బుగ్గలకు ఎరుపు, చీరకు పచ్చ, నగలకు బంగారు వన్నె దిద్దడం ఆయన విద్య. ఊళ్ళో ఉన్న తెలుగు పెళ్ళికూతుళ్ళందరి ముఖాలూ ఆయన కుంచె కిందనుంచే నడిచాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరెవరి చెక్కిళ్ళనో చూసి చూసి ఇంటికొచ్చేసరికి ఆయన కళ్ళు అలిసిపోయి ఉండేవి. భార్య వడ్డిస్తే కంచం చూసి తినేవాడు. ఆవిడ మాట్లాడితే గోడను చూసి జవాబిచ్చేవాడు.

రంగు ఫోటోలొచ్చి స్టూడియో మూతపడింది. భాగ్యవతి లోలోపల సంతోషించింది. ఇక ఆ పెళ్ళికూతుళ్ళ పీడ విరగడైంది కదా అనుకుంది. ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. పాతవస్తువుల దుకాణం సోయ్ విన్ వచ్చాడు. కాగితాల్లో చుట్టిన పొట్లాలు తెచ్చాడు. వాటిలో రాణులున్నారు.

అరచేతిలో ఇమిడిపోయే బొమ్మలవి. తమలపాకు కన్నా పలచని ఏనుగు దంతపు రేకు మీద నీళ్ళరంగులతో గీసినవి. చుట్టూ ఇత్తడి చట్రం, దానికి బంగారు పూత, పైన అద్దం. దొరల కాలంలో ఐరోపా నుంచి ఓడల్లో వచ్చి, వాళ్ళు పోయాక ఇక్కడి పాత బంగళాల పెట్టెల్లో పడి ఉన్నవి. ఎవరో ఫ్రాన్సు రాణి, ఎవరో రష్యా మహారాణి, పేరు కూడా తెలియని జర్మనీ రాకుమార్తెలు. యాంగోన్ వానలకు అద్దం లోపల చెమ్మ చేరి ఆ తెల్లని ముఖాల మీద బూజు మొలుస్తుంది. దాన్ని సూదిమొనతో తీసి, పోయిన చోట చుక్క చుక్కగా రంగు నింపాలి. పట్నంలో అంత సన్నపు పని చేసే చెయ్యి కన్నయ్యదొక్కటే అని సోయ్ విన్ నమ్మకం. ఆ మాట నిజమే గనుక భాగ్యవతికి మరింత మంట.

గడియారాలు బాగుచేసేవాళ్ళు పెట్టుకునే భూతద్దం కంటికి తగిలించుకుని, వీధి కిటికీ పక్కన కూర్చుని, కన్నయ్య గంటలకు గంటలు ఆ రాణుల్ని చూసేవాడు. రెప్ప కూడా వెయ్యడేమో అనిపించేది.

"మావా, అన్నం." 

"ఊఁ."

"సల్లారిపోతంది."

"కన్ను దగ్గరున్నానే. ఒక్క నిమిసం."

"ఎవల కన్ను దగ్గర?"

భాగ్యవతి గిన్నె మీద మూత గట్టిగా పెట్టేది. వంటింట్లో గిన్నెల చప్పుడును బట్టి ఆ రోజు ఆయన చేతిలో ఉన్నది ముసలి రాణో పడుచు రాణో తను పోల్చుకోగలనని పక్కవాటా జయంతి నవ్వేది.

"ఏటి పిన్నీ, బొమ్మల మీద కూడా కుళ్ళేనా?" అని అడిగింది ఒకనాడు.

"కుళ్ళేటే? నాయం అడుగుతన్నాను. ఆ దొరసాని ఒక్కనాడు పొయ్యి దగ్గర నిలబడ్డాదా? నాలాగ తుపానులో గంజి కాసినాదా? జుట్టు పేర్సుకుని కూకోడం తప్ప ఏటి సేసినాది? దాన్నేమో అద్దం పెట్టి మరీ సూత్తాడు. నాను ఎదురుగా నిలబడితే, పక్కకి జరుగు ఎలుగు పడట్లేదంటాడు!"

జయంతి పడీ పడీ నవ్వింది. భాగ్యవతి నవ్వలేదు.

వాన బాగా ముదిరిన రోజుల్లో నీలం పట్టీ రాణి వచ్చింది. భుజం మీదుగా నీలం పట్టు పట్టీ, మెడలో ముత్యాలు, పొడి జల్లిన తెల్లని జుట్టు గోపురంలా పైకి కట్టి, పెదవి చివర చిన్న నవ్వు. ఏ దేశపు రాణో సోయ్ విన్‌కీ తెలియదు. సింగపూర్ నుంచి ఎవరో కొనడానికొస్తున్నారు, బర్మావాళ్ళ పండుగ వాసో పౌర్ణమికి ముందే ఇచ్చెయ్యాలని చెప్పి వెళ్ళాడు. కన్నయ్య దాన్ని చూసిన తీరే వేరు. మిగతా రాణుల్ని పని చేసేటప్పుడే చూసేవాడు. దీన్ని పని ఆపి కూడా చూశాడు. అంతేకాదు, ఎన్నడూ లేనిది భార్యను పిలిచి మరీ చూపించాడు.

"బాగ్యం, సూడు. ఆ కాలంలో ఎంత సెయ్యి తిరిగినోడు గీసినాడో. బుగ్గ మీద రంగే ఎయ్యలేదు. దంతం తెలుపుని అలగే ఒదిలేసి సుట్టూ సుక్కలు పెట్టినాడు. బతికున్న సర్మంలాగ లేదూ?"

భూతద్దంలోంచి భాగ్యవతి చూసింది. రాణి ఆవిడ వంక తిన్నగా చూసి నవ్వుతోంది. ఈ ఇంటికి కాపురానికొచ్చిన కొత్త కోడలి నవ్వు.

"బాగుంది," అంది. ఆ పూట కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. కన్నయ్య అది కూడా గమనించకుండా తినేసి కిటికీ దగ్గరకెళ్ళిపోయాడు. అది ఆవిడకు మరీ కష్టమనిపించింది.

గురువారం మధ్యాహ్నం కన్నయ్య టీ కొట్టుకు వెళ్ళాడు. గురువారమంటే ఆ ఇంట్లో ఇత్తడి దిగే రోజు. శుక్రవారం పూజకు దీపపు కుందులు, హారతి పళ్ళెం, గంట, పంచపాత్ర అన్నీ దించి చింతపండుతో తోమి, బోర్లించి ఆరబెట్టడం భాగ్యవతి అత్తగారి కాలం నుంచి వస్తున్న ఆచారం. ఆవిడ తోమిన కుందులు అద్దాల్లా ఉంటాయని గుడి పూజారి కూడా ఒప్పుకున్నాడు. అన్నీ పళ్ళెంలో సర్దుకుంటూ కిటికీ వైపు చూస్తే గూట్లో నీలం పట్టీ రాణి ఉంది. చట్రం అంచున నల్లని మకిలి పట్టి ఉంది.

రాణయితే ఏమిటి, ఇత్తడి ఇత్తడే కదా అనుకుంది. ఆ ఆలోచన మంచితనం కొద్దీ వచ్చిందో, మరోటి కొద్దీ వచ్చిందో ఆ నిమిషంలో ఆవిడ తరచి చూసుకోలేదు. తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టింది. చింతపండు గుజ్జు పట్టించి, కొబ్బరి పీచుతో రుద్దింది. పూజ గంటను కూడా అంత గట్టిగా ఎన్నడూ రుద్దలేదు.

ఆరబెట్టడానికని కన్నయ్య అద్దాన్ని ఊడదీసి ఊరికే ఆనించి ఉంచాడన్న సంగతి ఆవిడకు తెలియదు. అద్దం జారింది. చింతపండు నీళ్ళు లోపలికి దిగాయి. నీలం పట్టీ మెడ మీదికి పాకింది, పెదవుల ఎరుపు గడ్డం మీదికి కారింది, కళ్ళు రెండూ బూడిదరంగు నీళ్ళయిపోయాయి. ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణం మాత్రం, భాగ్యవతికి గుండెల్లోంచి పెద్ద బరువు దిగినట్టయింది. తర్వాత గబగబా చీరచెంగుతో అద్దింది. అద్దేసరికి మిగిలిన ముక్కు కూడా చెంగుకు వచ్చేసింది.

చట్రం మాత్రం ధగధగలాడుతోంది. బంగారు పూత పోయి కొత్త ఇత్తడి బయటపడింది.

కన్నయ్య వచ్చి చూశాడు. పళ్ళెంలో కుందుల మధ్య బోర్లించి ఉన్న రాణిని తీసి, తిప్పి, చాలాసేపు అలాగే పట్టుకు కూర్చున్నాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు. ఆయన కంట్లో నీరు చూసి భాగ్యవతి నిలువునా దహించుకుపోయింది. కన్నతల్లి పోయిందని కబురొచ్చినప్పుడు కూడా ఈ మనిషి ఇలా కూర్చోలేదు.

"తోమినాను మావా. మకిలి పట్టి ఉంటేను," అంది.

"ఊఁ."

"తెలిసి సెయ్యలేదు."

"ఊఁ."

"తిట్టరాదా? తిట్టీ!"

"నిన్ను తిడితే ముకం తిరిగొస్తాదేటి?" అని లేచి, తడిసి వంపు తిరుగుతున్న దంతపు రేకును అద్దుడు కాగితాల మధ్య పెట్టి, సన్నికల్లు ఎత్తమన్నాడు. ఆవిడ ఎత్తింది. రేకును దాని కింద పెట్టాడు. పప్పు రుబ్బుకునే రాయి కింద ఆ రాత్రంతా రాణి పడి ఉందన్న తృప్తయినా భాగ్యవతికి దక్కలేదు. మొగుడు అన్నం తినలేదు.

రేకు చదునుగా వచ్చింది. నగలు, జుట్టు, పట్టీ సగం వరకూ ఆనవాళ్ళున్నాయి. ముఖం ఉండాల్సిన చోట ఉత్త తెలుపు. సోయ్ విన్‌కిచ్చిన మాట మాటే గనుక కన్నయ్య ముఖం మళ్ళీ గీయాలని నిశ్చయించుకున్నాడు. జ్ఞాపకంలోంచి గీయబోయాడు. రెండుసార్లు గీసి రెండుసార్లూ తడిదూదితో తుడిచేశాడు.

"ఎముక కుదరట్లేదు. మనిషి ఎదురుగుండా ఉండాలి. బుగ్గ మీద ఎలుగు ఎలగ పడతాదో సూడాలి," అని, "ఆ జయంతిని ఓసారి పిలు. తెల్లగా ఉంటాది. కాసేపు కూకోమను," అన్నాడు.

భాగ్యవతి తలుపు దాకా వెళ్ళింది. గడప మీద ఆగిపోయింది. జయంతి మంచిదే. బీరకాయ పచ్చడి చేస్తే గిన్నెతో తెచ్చిస్తుంది. అయినా ఈ కిటికీ దగ్గర, ఆ భూతద్దం ముందు, ఆ కళ్ళ ముందు కూర్చుంటుందా? భాగ్యవతి తలుపు గడియ పెట్టి వెనక్కి వచ్చి, పీట లాక్కుని, మొగుడి ఎదురుగా కూర్చుంది.

"జయంతి లేదా?"

"ఉంది."

"మరి?"

"నానున్నాను కదా. నాకు ముకం లేదా?"

కన్నయ్య భూతద్దం పైకి నెట్టాడు. "బుగ్గల మీద తనకా కడుక్కురా మరి. సర్మం కనబడాల," అన్నాడు. బర్మా ఆడవాళ్ళలాగే భాగ్యవతి కూడా రోజూ పొద్దున్నే తనకా చెక్క అరగదీసి గంధంలా బుగ్గలకు రాసుకుంటుంది. వెళ్ళి కడుక్కుని, తల దువ్వుకుని, రాణి లాగే మెడ నిటారుగా పెట్టి కూర్చుంది.

కన్నయ్య చూశాడు. కుంచె పట్టిన చెయ్యి ఆనించుకునే కర్ర సర్దుకుని, కుర్చీ దగ్గరకు జరుపుకుని చూశాడు. భాగ్యవతి గుండె పద్యం అప్పజెప్పేముందు కొట్టుకున్నట్టు కొట్టుకుంది.

"కనుబొమ్మ మీద ఈ మచ్చేటే?"

"పునుగుల నూని సిందింది. సుద కడుపులో ఉన్నప్పుడు."

"నాకు తెల్దే."

"నీకెలగ తెలస్తాది? అప్పుడు నువ్వు ఆ బట్టల కొట్టు సేటు కూతురి ఫోటోకి ముక్కుపుడక దిద్దుతన్నావు."

"ఆ పిల్లకి ముక్కుపుడక లేదు. నానే పెట్టినాను," అన్నాడు కన్నయ్య, నిజాయితీగా.

"నాకు ఉందా లేదా సెప్పు, సూడకుండా."

కన్నయ్య కుంచె ఆపాడు. నేల చూపులు చూశాడు. "తల కొంచెం కుడికి తిప్పు," అన్నాడు.

వాన తెరిపిచ్చినప్పుడల్లా కూర్చున్నారు. ఉడుత వెంట్రుకల కుంచె కొనతో చుక్క పక్కన చుక్క పెడుతూ ఆయన పని సాగించాడు. మొదట్లో భాగ్యవతికి పట్టాభిషేకం జరుగుతున్నట్టుంది. వంట ముందే ముగించుకునేది, ఎవరొచ్చినా తలుపు తీసేది కాదు. జయంతి గోడవతల నుంచి "పిన్నీ, బతికే ఉన్నావా?" అని కేకేస్తే బదులు కూడా ఇవ్వలేదు. పోను పోను ఒక సంగతి ఆవిడకు పట్టుబడింది. కన్నయ్య చూపు ఆవిడ ముఖం మీదికి ఎగిరొచ్చి, ఏదో ముక్క ముక్కున కరుచుకుని, మళ్ళీ రేకు మీద వాలుతోంది. ఒకసారి గడ్డం. ఒకసారి చెంప నీడ. పిట్ట గింజలు ఏరుకుపోయినట్టు తన దగ్గర ఏరి, పట్టుకెళ్ళి దానికి పెడుతున్నాడు. ఆవిడను చూడటం లేదు. ఆవిడను చూసి ఆ సవతిని చేసుకుంటున్నాడు.

ఆ మాట మనసులో అనుకోగానే కళ్ళు ఎర్రబడ్డాయి.

"అలగే ఉండు, అలగే ఉండు! ఆ కన్ను బాగా కుదిరింది!" అని కన్నయ్య గబగబా రంగు కలిపాడు.

చివరి రోజున ముఖం నిండింది. కన్నయ్య వెనక్కి వాలి చూసుకున్నాడు, కుంచె కడిగాడు, తర్వాత ఆలోచన లేకుండా ఎర్రరంగు కొనకు తీసుకుని రాణి నుదుటి మీదికి పోనిచ్చాడు. స్టూడియోలో ఏ ఆడపిల్ల ఫోటోకైనా ఆఖరున బొట్టు పెట్టి గానీ కుంచె దించలేదాయన. బొట్టు లేకపోతే మనవాళ్ళు ఫోటో తీసుకునేవాళ్ళు కాదు. చెయ్యి తన అలవాటు కొద్దీ వెళ్ళింది.

భాగ్యవతి ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అన్నీ ఇచ్చినాను. ముక్కిచ్చినాను, కళ్ళిచ్చినాను. దానికి బొట్టు పెట్టినావంటే మాత్రం నానూరుకోను మావా."

కన్నయ్య కుంచె వైపు, రాణి వైపు చూసి, నాలిక కరుచుకున్నాడు. "సింగపూరోళ్ళు నవ్వుదురే," అన్నాడు.

"సింగపూరోళ్ళ సంగతి కాదు నాను సెప్పేది."

మర్నాడు సోయ్ విన్ వచ్చాడు. గొడుగు గుమ్మంలో ఆనించి, "ఉ కన్నయ్యా, రాణిగారు సిద్ధమేనా?" అని, పేరు ముందు మగవారికి 'ఉ', 'కో', ఆడవారికి 'దో' చేర్చే బర్మా మర్యాదతో ఆ భాషలో పలకరించాడు. కన్నయ్య నోరు విప్పేలోగా భాగ్యవతి ముందుకొచ్చింది. చేసిన పని ఘనమైనదైనా కానిదైనా తన పని మరొకరి మీద వేసే మనిషి కాదు.

"నేను తోమాను, కో సోయ్ విన్. ముఖం కరిగిపోయింది. ఈ ముఖం ఈయన కొత్తగా వేసింది," అని ఆ భాషలోనే చెప్పింది.

సోయ్ విన్ ముఖం కాస్త పాలిపోయింది. వెలుగులోకి తీసుకెళ్ళి చాలాసేపు తిప్పి చూశాడు. ముందు చట్రం చూసి మూలిగాడు. తర్వాత ముఖం చూసి మూలుగు ఆపాడు.

"ఇదివరకు నవ్వేది కదా. ఇప్పుడేమిటి, నా మీద ఏదో కోపం ఉన్నట్టు చూస్తోంది?"

"మీ మీద కాదు," అంది భాగ్యవతి.

సోయ్ విన్ ఆవిడను చూశాడు, రేకును చూశాడు, మళ్ళీ ఆవిడను చూశాడు. ముఖం తర్వాత వేసిందని కొనేవాళ్ళకు చెప్పే ఇస్తానన్నాడు. అసలు బొమ్మ ధర రాదు గానీ, పని మాత్రం తీసిపారేసేది కాదన్నాడు. "దో భాగ్యవతీ, ఇక మీదట ఇత్తడి జోలికి రాకండి," అని దండం పెట్టినంత పని చేసి, రాణిని దూదిలో చుట్టుకుని, వెళ్ళేముందు కాగితాల్లో చుట్టిన కొత్త పొట్లం ఒకటి కిటికీ గూట్లో పెట్టిపోయాడు.

మెట్ల మీద సోయ్ విన్ చెప్పుల చప్పుడు ఆగింది. కన్నయ్య భూతద్దం తుడుచుకున్నాడు. చెయ్యి పొట్లం వైపు జరిగింది.

భాగ్యవతి ముందుగా దాన్ని అందుకుంది. పీట మీద కూర్చుని, పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని, పైన చీరకొంగు కప్పింది.

"ఏటే అది?"

"ఏటీ కాదు. ఆ అద్దం తీసీ. కుంచె అక్కడ పెట్టు. ఇప్పుడు సూడు."

"ఏటి సూడాల?"

"ఏటీ అక్కర్లేదు. గీడానికి కాదు. ఊరికే."

కన్నయ్యకు ఊరికే చూడటం తెలియదు. చేతులు రెండూ లుంగీకి తుడుచుకున్నాడు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. చూశాడు. ఒక్కసారి చూపు ఒళ్ళోని కొంగు వైపు జారింది. భాగ్యవతి గొంతు సవరించుకుంది. చూపు మళ్ళీ పైకి వచ్చింది.

"ముక్కుపుడక ఉంది," అన్నాడు మెల్లిగా. "ఎర్రరాయి."

"ఊఁ."

"కుడి పక్క."

"ఎడం పక్క. నీకు ఎదురుగా కూకున్నాను కదా."

కన్నయ్య పెదాలు కదిపి కుడి ఎడమలు లెక్క చూసుకుని తలూపాడు. గోడవతల జయంతి వంటింట్లో పోపు చిటపటలాడింది. కింద వీధిలో ఎవరో పళ్ళబండి నెట్టుకుంటూ అరుస్తున్నారు. భాగ్యవతికి మెడ నిటారుగా పెట్టి కూర్చోవాలని గుర్తు రాలేదు. ముందుగా సిగ్గుపడి తల దించుకున్నది ఆవిడే. అయినా లేవమని ఆయన అనలేదు, ఆవిడా లేవలేదు. ఒళ్ళోని పొట్లంలో ఉన్నది రాజో, రాణో, సాయంత్రం వెలుగు పోయేదాకా ఎవరూ విప్పి చూడలేదు.